కోచ్ నోటి దగ్గర కిటికీ

వెర్లీన్ ప్రూయిట్ చేతిలో బ్లేడు, బల్ల మీద కోచ్ హార్గెట్ ముఖం. ఆ సీజన్ కోసం అచ్చువేసిన దళసరి పోస్టరులోంచి కత్తిరించిన ముక్కది. స్టీలు స్కేలు ఆనించి, సరిగ్గా కోచ్ పెదవులున్న చోట, పుస్తకంలో ఒక్క వరుస కనబడేంత సన్నని చీలిక కోసింది. అంచుల్ని గరుకు కాగితంతో రుద్దింది. ఆ ముక్కని పేజీ మీద పెట్టి కిందికి జరుపుకుంటూ పోతే చదవాల్సిన వరుస తప్ప మిగతావేవీ కంటికి అడ్డం రావు.

"ఇదిగో నాయనా. కోచ్ గారి నోట్లోంచి చదువు," అని క్విన్సీ బ్యాటిల్‌కి ఇచ్చింది.

క్విన్సీ మా కాలేజీ ఫుట్‌బాల్ జట్టులో అందరికంటే భారీ మనిషి. అవతలి జట్టులో బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ని, బంతి వదలకముందే నేలకేసి కొట్టడం అతని పని. పుస్తకం తెరిస్తే మాత్రం వరుసలు అతని కళ్ల ముందు కలిసిపోయేవి. అంత మనిషీ ఆ కార్డుని రెండు వేళ్ల మధ్య పట్టుకుని నవ్వాడు.

"ఈయన నోట్లోంచి పనికొచ్చే మాట రావడం ఇదే మొదటిసారి మిస్ వెర్లీన్."

"ఇంకా రాలేదుగా. చదివితే వస్తుంది."

దక్షిణ అలబామాలో మా కాలేజీ. స్టేడియం మెట్ల కింది గదిలో నేను హెల్మెట్లు బిగిస్తాను. పై అంతస్తులో ఆటగాళ్ల చదువు గది. అందులో వెర్లీన్ పాఠాలు చెప్పేది. పొద్దున్నే కాఫీకి పైకి వెళ్లేవాణ్ని కాబట్టి ఆమె కథ నాకు తెలుసు.

ఆమె తమ్ముడు లూథర్ ఒకప్పుడు ఇక్కడే ఆడాడు. అప్పటికి హార్గెట్ కుర్ర కోచ్, ఊళ్లు తిరిగి ఆటగాళ్లని పట్టుకొచ్చేవాడు. ఆదివారం చర్చి అయ్యాక వాళ్లింటికి వచ్చి సోఫాలో కూర్చుని, వాళ్లమ్మ పీచ్ పళ్ల మీద పిండి పరిచి కాల్చిన కాబ్లర్ మారు వడ్డించుకుని తిని, "మీవాడు డిగ్రీ పట్టుకునే ఇంటికొస్తాడమ్మా, నాదీ పూచీ," అన్నాడు. లూథర్ వ్యాసాలన్నీ వేరేవాళ్లు రాశారు. మోకాలు దెబ్బతిన్న ఏడాదే స్కాలర్‌షిప్పూ పోయింది. ఇంటికొచ్చి లారీ లైసెన్సుకి వెళితే రాత పరీక్షలో ప్రశ్న ఏమడిగిందో చదవలేకపోయాడు. ఈనాటికీ కోళ్ల ఫ్యాక్టరీలో కొక్కేలకి కోళ్లు తగిలిస్తున్నాడు.

వెర్లీన్ బడిపంతులు ఉద్యోగం వదిలి తక్కువ జీతానికి ఇక్కడ చేరింది హార్గెట్ కోసమే. పెళ్లై ఇంటిపేరు మారింది కాబట్టి ఆయనకి అనుమానం రాలేదు. చేరిన కొత్తలో ఒకరోజు వాళ్లమ్మ చేసినట్టే కాబ్లర్ చేసి ఆయన గదికి పట్టుకెళ్లింది. ఆ రుచికి ఆ ఇల్లు గుర్తొస్తుందేమో, లూథర్ పేరెత్తుతాడేమో అని ఒక అవకాశం ఇచ్చి చూసింది.

హార్గెట్ గిన్నె గీకి మరీ తిన్నాడు. "ఇలాంటిది జన్మలో తినలేదు మిస్ వెర్లీన్."

ఖాళీ గిన్నె పట్టుకుని మెట్లు దిగి వచ్చి నాతో ఒకే మాట అంది. "తిన్నాడు. గుర్తులేదు. ఇక నా పని నేను చేసుకుంటాను."

ఆటగాళ్లని కట్టిపడేసే పద్ధతి ఒకటుంది మా దగ్గర. మధ్యాహ్నం ప్రాక్టీసుకి అడ్డురాని తేలిక క్లాసుల్లో అందర్నీ కలిపి కూర్చోబెడతారు. పాసవుతారు, ఆడతారు. కానీ ఆ క్లాసులు మా గేటు దాటితే చెల్లవు. ఇంకో కాలేజీ డిగ్రీకి లెక్కకి రావు కాబట్టి, అక్కడికి వెళ్లినా ఆడనివ్వరు. అందుకని ఎవడూ కదలడు.

హార్గెట్ దృష్టిలో చదువంటే హాజరు. తలుపు అద్దంలోంచి తొంగిచూడ్డానికి మనుషుల్ని పెట్టాడు. ముందు రెండు వరుసల్లో కూర్చున్నారా, టోపీ తీశారా, ఇదే చూసేవారు. నల్లబల్ల మీద ఏం రాసుందో ఒక్కడూ చూడలేదు. క్విన్సీకి ఇళ్లు కట్టే చదువు మీద మనసని తెలిసి, వెర్లీన్ అతన్ని నిజమైన లెక్కల్లో, నిజమైన ఫిజిక్సులో కూర్చోబెట్టింది. టోపీ తీసి ముందు వరుసలో కూర్చున్నాడు కాబట్టి కోచ్‌కి అంతా సవ్యంగానే కనబడింది.

చివరికి చరిత్ర ఒక్కటి మిగిలింది. ఆ పాఠం చెప్పే డాక్టర్ ఎలరీకి ఆటగాడైనా ఒకటే, గవర్నరు కొడుకైనా ఒకటే. గదిలో కూర్చుని చేత్తో వ్యాసం రాయాల్సిందే. అది పాసైతే క్విన్సీ గేటు దాటగలడు. తప్పితే ఇక్కడే ఇరుక్కుంటాడు, మోకాలు ఉన్నంతకాలం.

డిసెంబరు మొదట్లో ఆ సంగతి హార్గెట్ చెవిన పడింది. నేను కాఫీ పోసుకుంటుండగా చదువు గదిలోకి వచ్చాడు.

"ఎలరీ దగ్గర వేశారా వీణ్ని? మతి ఉందా? నెలాఖరున పెద్ద ఆటుంది. వీడికి అనారోగ్యమని చెప్పి వ్యాసం ఇంటి దగ్గర రాసే ఏర్పాటు చేయిస్తాను. మీరు రాసిపెట్టండి."

"వాడే రాస్తాడు కోచ్."

"వీడా? వీడికి మెనూ కార్డు చదవడమే కష్టం."

క్విన్సీ అక్కడే ఉన్నాడు. తల ఎత్తలేదు. కార్డు మాత్రం ఒక వరుస కిందికి జరిపాడు.

"వీడు తప్పితే నీ ఉద్యోగం ఉండదు," అన్నాడు హార్గెట్. మర్యాద అప్పటికే జారిపోయింది.

"అలాగే కోచ్."

పరీక్ష రోజు వెర్లీన్ వరండాలో బెంచీ మీద కూర్చుంది. పక్కన నేను. తొంగిచూసే మనిషి అద్దంలోంచి చూసి, ముందు వరుసే, టోపీ తీశాడు అని గొణుక్కుని వెళ్లిపోయాడు. ఒక్కొక్కరే బయటికొచ్చారు. చివరికి క్విన్సీ వచ్చాడు, చొక్కా అంతా చెమట.

"ఎలా రాశావు?"

"మ్యాచ్ ఆడినట్టుంది. చెయ్యి లేవట్లేదు. కాగితాలు చాలక ఇంకో జవాబు పుస్తకం అడిగాను మిస్ వెర్లీన్."

ఆమె పెదవి బిగించుకుని తలూపింది. వారం తిరక్కుండా మార్కులొచ్చాయి. బి గ్రేడు, పాసు.

కాలేజీలు మారడానికి పేర్లు తీసుకోవడం మొదలైన రోజే క్విన్సీ పేరిచ్చాడు. వెళ్లేది ఎక్కడికో కాదు, ఏటా నవంబరు ఆటలో మేం ఓడించకపోతే కోచ్‌కి నిద్రపట్టని పక్క జిల్లా కాలేజీకే. అక్కడ అతని క్లాసులన్నీ లెక్కకొచ్చాయి. మధ్యాహ్నం హెల్మెట్ తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. కార్డు అక్కడే ఉన్న వెర్లీన్ చేతిలో పెట్టి, "ఇక అక్కర్లేదు. వరుసలు వాటంతటవే నిలబడుతున్నాయి," అన్నాడు.

అప్పుడే హార్గెట్ మెట్లు దిగి వచ్చాడు, మెడ ఎర్రబడి.

"ఇది నీ పనేనా?"

"నా పనే. చదివించడానికేగా జీతమిచ్చారు."

"నీకు నేనేం ద్రోహం చేశాను?"

"లూథర్ స్టోవాల్. మోంట్రోజ్ ఊరు. మా అమ్మ కాబ్లర్ రెండుసార్లు వడ్డించుకుని పూచీ పడ్డారు."

ఆయన ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. ఆ పేరు దొరకలేదు.

"ఫరవాలేదు," అంది వెర్లీన్. "క్విన్సీ బ్యాటిల్ పేరు మరిచిపోరు. వచ్చే నవంబరులో ఎదురుగా నిలబడతాడు."

చదువు గది తాళంచెవి తీసి, నోటి దగ్గర కిటికీ ఉన్న ఆ కార్డు మీద పెట్టి, రెండూ కలిపి హార్గెట్ అరచేతిలో పెట్టింది.