వెంచర్‌లో తిరిగిన జీపు

మేడ్చల్ రోడ్డు మీద ఒక చిన్న కంపెనీలో నేను చేరేనాటికి శాటిలైట్ రిసీవర్ ఇంకా విదేశం నుంచి రాలేదు. వాహనం ఎక్కడుందో తెర మీది పటంలో చూపించే సాఫ్ట్‌వేర్ మాత్రం సగం తయారైంది. దాన్ని పరీక్షించడం నా పని. నిజం రిసీవర్ బండి ఉన్న చోటు చెబుతూ సెకనుకోసారి పంపే అంకెల్లాంటివే నకిలీవి తయారుచేసి, ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి కేబుల్ గుండా పంపేదాన్ని. తెర మీద ఎర్రచుక్క కదిలేది. అదొక లేని బండి. దానికి గేదెలు అడ్డం రావు, రైల్వే గేటు పడదు, డ్రైవర్ టీకి దిగడు.

ఆ గదిలో నేనొక్కదాన్నే. ముందు హాల్లో ఉన్న మగవాళ్ళందరూ కలిసి భోజనానికి వెళ్ళేవారు. నేను ఆ చుక్కని చూస్తూ పెరుగన్నం తినేదాన్ని. రాజమండ్రి వైపు నుంచి వచ్చి మచ్చ బొల్లారంలో గది తీసుకున్నాను. పలకరించేవాళ్ళు లేరు. సాయంత్రం కండక్టర్‌తో "బొల్లారం ఒకటి" అన్నప్పుడు నా గొంతు నాకే కొత్తగా వినిపించేది.

చివరికి రిసీవర్ వచ్చింది. దాన్ని జీపు మీద బిగించి, శామీర్‌పేట దాకా వెళ్ళి, తిరిగొచ్చేటప్పుడు మేడ్చల్ దాటి అత్వెల్లి వరకూ చూసి, వచ్చిన అంకెలన్నీ రికార్డు చేసుకు రమ్మన్నారు మా సార్. అద్దె జీపు డ్రైవర్‌కి యాభై ఏళ్ళుంటాయి. శామీర్‌పేటలో చెట్ల కిందకి రాగానే శాటిలైట్ అందక చుక్క ఆగిపోయి, తర్వాత ఒక్క గెంతు గెంతింది. నా నకిలీ అంకెల్లో ఎప్పుడూ అలా జరగలేదు. నేను ల్యాప్‌టాప్‌లోంచి తలెత్తకుండానే అత్వెల్లి వచ్చేసింది.

"మేడమ్, గీ మిషిన్ ఏ జాగ ఏడున్నదో చెప్తదంట గదా?" అన్నాడు డ్రైవర్.

"చెబుతుందండి."

"జర లోపటికి పోదాం. మా బాపు సమాధి ఏడుండెనో సూడాలె."

"ఇప్పుడు మనం ఎక్కడున్నామో మాత్రమే చెబుతుందండి. మీ నాన్నగారి సమాధి గానీ, అంతకుముందు ఎక్కడ ఏముండేదో గానీ దీనికి తెలీదు."

"తెల్వదా?" గేరు మార్చాడు. "అయినా పోదాం తియ్యండ్రి."

మట్టిరోడ్డు దిగాం. ఒకప్పుడు పొలంగా ఉన్న నేలంతా చదునుచేసి, తెల్ల రాళ్ళు పాతి, రంగు జెండాలు కట్టారు. కొత్త వెంచర్. అతను మెల్లగా చుట్లు తిప్పుతూ చెప్పాడు. "మాదే భూమి. అన్నదమ్ములం కలిసి అమ్మినం. సమాధి జాగ ఇడిచిపెడ్తమన్నరు. నేను లేనప్పుడు చదును జేసిన్రు. గీడ బాయి ఉండె, దాని పక్కకే సమాధి... కాదు, గా మూలకు."

బావి లేదు, దాని గట్టూ లేదు. ఒక చోట జీపు ఆపి దిగాడు. చెప్పులు విప్పి నిలబడ్డాడు, మళ్ళీ నాలుగడుగులు పక్కకి జరిగాడు.

గొడుగు పట్టుకుని ఒక కుర్రాడు పరుగున వచ్చాడు. "ప్లాట్ సూడనీకొచ్చిన్రా అన్నా? ఈస్ట్ ఫేసింగ్ ఉన్నయ్."

డ్రైవర్ వాడి ముఖంలోకి చూశాడు. "ఔ," అన్నాడు. "సూస్తున్నం."

చెప్పులు తొడుక్కుని వచ్చి స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. నాకు ఏదో ఒకటి అనాలనిపించింది. రోజంతా నోరు విప్పకుండా గడపడం అలవాటైపోయిన దాన్ని, మళ్ళీ ల్యాప్‌టాప్‌లోకి తల వంచాను. జీపు మేడ్చల్ వైపు తిరిగింది.

మర్నాడు రికార్డును తెర మీద నడిపిస్తుంటే సార్ వచ్చారు. "ఇక్కడెందుకమ్మా ఇన్ని చుట్లు?"

"ఒక చోటు వెతికాం సార్. దొరకలేదు."

"పోనీలే, మంచిదే. మలుపులున్నాయి, ఆగిన చోట్లున్నాయి. ఇకనుంచి నీ నకిలీ అంకెల బదులు ఇదే వాడు," అన్నారాయన.

తర్వాత జీపు అద్దెకిచ్చే ట్రావెల్స్‌వాళ్ళు వేరే డ్రైవర్‌ని పంపారు. ఆ మొదటి డ్రైవర్‌ని నేను మళ్ళీ చూడలేదు. కానీ కొత్త వెర్షన్ తయారైనప్పుడల్లా ఆ జీపు నా తెర మీద మట్టిరోడ్డు దిగేది, చుట్లు తిరిగేది, అక్కడే ఆగేది. నిజం రిసీవర్ బండి ఆగినా కుదురుగా ఉండదు. ఆగినచోటే చుక్క సన్నగా వణుకుతుంది. కొనేవాళ్ళకి అది లోపంలా కనిపిస్తుందని, ఆ వణుకు తీసేయమన్నారు సార్. కొన్నాళ్ళు కూర్చుని ఆ కోడ్ రాశాను. రికార్డు నడిపిస్తే, చుక్క వెంచర్ మూలకి వచ్చి, కదలకుండా నిలబడింది.

సార్ చూసి, బాగుందని చెప్పి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయారు.