బ్యాటు చప్పుడుకు నిలబడిపోయే పిల్ల

టెన్నిస్ సర్వీసుది ఎక్కువ వేగమా, బేస్‌బాల్ బ్యాటుకు తగిలి ఎగిరే బంతిది ఎక్కువ వేగమా అని పోయిన సంవత్సరం దాకా ఎవరడిగినా ఠక్కున చెప్పేసేదాన్ని. సర్వీసే. పెద్ద పెద్ద ఆటగాళ్ల సర్వీసు గంటకు రెండొందల నలభై కిలోమీటర్లు గూడా దాటతాది. బేస్‌బాల్లో ఎంత మొనగాడు బాదినా బ్యాటు నుంచి పొయ్యే బంతి రెండొందల లోపలే. ఇన్నేండ్లుగా ఆడపిల్లలకి ఆటలు నేర్పిస్తా ఉండాను, ఆ మాత్రం తెలీదా? ఇంగ నాతో వాదించొద్దు అనేదాన్ని. నాకు కోపం ముక్కు మీదే ఉంటాది, మా బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో నా దగ్గర చదివిన పిల్లల్ని ఎవుర్నన్నా అడగండి.

నా కూతురు సెకండ్ పీయూసీ, అంటే ఇంటర్ రెండో సంవత్సరం. నేను నేర్పించే బేస్‌బాల్ టీములో పిచ్చరు, అంటే బ్యాటు పట్టుకున్నోళ్లకి బంతి విసిరేది. విసిరేసినాక బ్యాటుకు ఎదురుగా, దగ్గరగా, ఒంటరిగా నిలబడేది గూడా ఆ పిల్లే. కొట్టిన బంతి నేరుగా తిరిగొచ్చిందంటే సెకండు గూడా ఉండదు. గ్లవ్ ఎత్తాల, లేదంటే పక్కకు తప్పుకోవాల. మూడో దారి లేదు. కోలారులో స్టేట్ టీము సెలక్షనుకు ఇంకా నెల రోజులుండాది అన్నప్పుడు నా కూతురు మూడో దారి పట్టినాది. కదలకుండా నిలబడిపోయింది.

మొదటి రోజు బంతి చెవి పక్కన రాసుకొని పోయింది. బంగారం తీసేసినాక మిగిలిన గని మట్టి పోసిన సైనైడ్ దిబ్బ వెనకాల గ్రౌండులో ప్రాక్టీసు, పట్టపగలు, ఎండ గూడా కంట్లో పడేది కాదు. "ఏమ్మే, నిద్ర పోతా ఉండావా?" అని అరిచినాను. రెండో రోజు భుజానికి తగిలి ఇంత లావు కమిలిపోయింది. ఆ రోజు గూడా తిట్టినాను. రాత్రి దెబ్బకు నూనె రాస్తా ఏడ్చినాను, అది వేరే సంగతి.

కండ్లలో ఏదో దోషముండాదేమో అని కోలారుకు పిల్చుకొని పోయి డాక్టరుకు చూపించినా. కండ్లు బంగారంగా ఉండాయమ్మా అన్నాడు.

ఇంగ నా పద్ధతిలో నేను చూద్దామని బెంగుళూరులో తెలిసిన కోచ్ దగ్గర బంతి వేగం కొలిచే స్పీడ్ గన్ ఒకటి అడిగి తెచ్చినాను. దొరల కాలం నాటి టెన్నిస్ కోర్టు ఒకటి మా పక్కనే ఉండాది, పగుళ్లలో గడ్డి మొలిచి. పాపను పిచ్చరు దూరంలోనే నిలబెట్టి, నేను రాకెట్టు పట్టుకొని బంతి నేల తగలకుండా ఒంటి మీదికే సర్వీసులు కొట్టినాను. మిషన్లో నూటపది చూపించింది. యాభై ఏండ్ల చెయ్యికి అది తక్కువేం కాదు. పాప ఒక్కటి గూడా వదల్లేదు. చిలక జాంపండు పట్టుకున్నట్లు అన్నీ పట్టేసింది.

అక్కణ్ణుంచే గ్రౌండుకు పోయి టీములో ఒక పిల్లను బ్యాటు కొట్టమన్నాను. మిషన్లో తొంబై. నూటపదిని పట్టిన పిల్ల తొంబైకి రాయి మాదిరి నిలబడిపోయింది. బంతి నడుముకు తగిలింది.

టెన్నిస్ బంతి తేలిక, పైన నూగుంటాది, గాలి దాన్ని పట్టి లాగేస్తాది. పొయ్యే కొద్దీ వేగం చచ్చిపోతాది. బేస్‌బాల్ దానికి రెండున్నర రెట్లు బరువు, గాలిని లెక్క చెయ్యదు. అందుకే బయలుదేరేటప్పుడు నూటపదీ తొంబై అయినా పాప దగ్గరికి చేరేసరికి రెండూ ఇంచుమించు ఒకటే. సరే, ఒకటే అనుకుందాం. ఒకటే అయితే ఒకదాన్ని పట్టి, ఇంకోదానికి ఏంటికి నిలబడిపోతాది?

మరుసటి రోజు ఇంకో పని చేసినాను. దెబ్బ తగిలినా నొప్పి లేకుండా టెన్నిస్ బంతినే విసరమన్నాను పాపను. ముందు రోజు బ్యాటు పట్టిన పిల్ల దాన్నే కట్టె బ్యాటుతో కొట్టింది. నేను బంతిని చూడలేదు. పాపనే చూస్తా నిలబడినాను.

బ్యాటు ధడ్‌మనింది. పాప కుడి చెయ్యి, గ్లవ్ లేని చెయ్యి, మెల్లగా పక్కకు పోయింది. వేళ్లు విప్పుకున్నాయి. అరచెయ్యి గాల్లో బల్లపరుపుగా ఆనుకొని నిల్చిపోయింది, అక్కడ ఏదో ఉన్నట్లు. తల కొంచెం వంచి ఏదో వింటా ఉన్నట్లు ఉండాది. టెన్నిస్ బంతి రొమ్ముకు తగిలి కింద పడి దొర్లిపోయింది. అయినా కదల్లేదు. నేను మనసులో మూడు లెక్కపెట్టేదాకా ఊపిరి గూడా తీసుకోలేదు. తర్వాత చెయ్యి దించేసి, ఏమీ జరగనట్లు బంతి కోసం వంగింది.

ఆ చెయ్యి మా నాయనది.

మా నాయన బంగారు గనిలో అండర్‌గ్రౌండు మనిషి. చిత్తూరు పక్క పల్లె నుంచి వచ్చి ముప్పై ఏండ్లు లోపలే పని చేసినాడు. అంత లోతులో రాయి ఒత్తిడికి తట్టుకోలేక ఉన్నట్టుండి పేలతాది. ధడ్‌మని ఒక్క దెబ్బ. పైన కూలీ లైన్లలో మా వరస ఇండ్లు గూడా అదిరేవి, గిన్నెలు గలగలమనేవి. ఆ దెబ్బ వినపడితే పరిగెత్తకూడదు అనేది మా నాయన నియమం. పరిగెత్తినోడి మీదే పడతాదంట రెండో రాయి. ఉన్న చోటనే నిలబడి గోడకు అరచెయ్యి ఆనించాల. రాయి ఇంకా అదరతా ఉండాదా లేదా అనేది చెయ్యే చెప్తాది. అదరడం నిలిచేదాకా కదలకూడదు. ఇంట్లో గూడా మా చేత అదే చేయించేవాడు. అమ్మ పొయ్యి దగ్గర, నేను పుస్తకాల దగ్గర, అందరం గోడకు చేతులు ఆనించి బొమ్మల మాదిరి నిలబడేవాళ్లం. ఆ నియమం వల్లనే ముప్పై ఏండ్లూ ప్రాణాలతో ఇంటికొచ్చినాడు మనిషి.

గని మూసేసినారు. మా నాయన పోయినాడు. ఈ పిల్ల పుట్టింది అవన్నీ అయిపోయినాక. ఫోటోలో తప్ప తాతను చూసింది లేదు. ఈ సంగతి నేను దానికి ఏనాడూ చెప్పలేదు. పాడు జ్ఞాపకాలు బిడ్డలకు ఏంటికి అని నోరు మెదపలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో అడిగినాను. "పాపా, బ్యాటు చప్పుడైనప్పుడు చెయ్యి ఏంటికి చాస్తా ఉండావు?"

"నేనా? చాచలేదే" అనింది, తల ఎత్తకుండా. నా కూతురికి అబద్ధం చెప్పడం రాదు. చెప్పినప్పుడు చెవులు ఎర్రబడతాయి. అప్పుడు ఎర్రబడినాయి.

ఆ రోజే ఈ ఆట మాన్పించి ఉండాల. మాన్పించలేదు. మా గ్రౌండు నుంచి స్టేట్ టీముకు పోబొయ్యే మొదటి పిల్ల, అదీ నా పిల్ల. పొగరే అనుకోండి. భయాన్ని వదిలించేస్తే చాలు, అదే దారికొస్తాది అనుకున్నాను.

సెలక్షను ఆదివారం. శనివారం మధ్యాన్నం మేమిద్దరమే గ్రౌండుకు పోయినాము. గాలికి దిబ్బ మీది తెల్లటి దుమ్ము లేచి గ్రౌండంతా పొడి పొడిగా పడతా ఉండాది. బ్యాటు పాపకిచ్చి పిచ్చరు చోట నేను నిలబడినాను.

"చూడు, నేను విసురుతాను. నా మొగానికే కొట్టు. తప్పుకోవడం ఎంత సులువో చూపిస్తాను."

"వద్దమ్మా."

"కొట్టమంటే కొట్టు. నాటకాలు చాలు."

విసిరినాను. పాప కొట్టింది.

చప్పుడు బ్యాటు దగ్గర కాలేదు. నా కాళ్ల కింద అయింది. ధడ్‌మని లోతుగా, పాతికేండ్లుగా వినని చప్పుడు. నా చెయ్యి దానంతట అదే పక్కకు పోయింది. పోయి ఆనుకుంది. ఆ బయల్లో, చుట్టూ చెట్టు గూడా లేని చోట, నా అరచెయ్యి కింద రాయి ఉండాది. చల్లగా, తడిగా, గరుగ్గా. అదరతా ఉండాది. బంతి వచ్చేది నాకు బాగా కనిపిస్తానే ఉండాది, దాని ఎర్ర కుట్లు గూడా. తప్పుకోవాల అని తెలుసు. రాయి ఇంకా అదరతా ఉండాది కదా, ఎట్ల కదిలేది?

దవడ ఎముకకు తగిలింది. కండ్లు తెరిచేసరికి కింద పడి ఉండాను, నోట్లో ఉప్పటి రక్తం. పాప ఏడుస్తా ఉరికొచ్చింది. నా మొగాన్ని చూడలేదు. నా కుడి చెయ్యి పట్టుకొని వేళ్లు విప్పి అరచెయ్యి చూసింది.

"అమ్మా, నీకు గూడా గోడ తగిలిందా?"

లేదు అని ఒక్క మాట అంటే చాలు, తనకే ఏదో పిచ్చి అనుకొని పండ్లు బిగించి రేపు ఆ చోట నిలబడతాది. నెలంతా తిట్టి తిట్టి నేను కోరుకున్నది అదే కదా.

"తగిలింది పాపా" అన్నాను.

ఆ మాటకు నా ఒళ్లో పడి వెక్కి వెక్కి ఏడ్చింది. "నువ్వు తిడతావని చెప్పలేదమ్మా. నేను కదలాలనే అనుకుంటాను. తాతే కదలనీడు."

దాని వీపు నిమురుతా లేచి కూర్చున్నాను. ఎదురుగా ఎవరూ లేరు. అయినా గొంతు చించుకొని అరిచినాను. "నాయనా! గని మూసేసినారు. ఇది బయలు నాయనా, ఇక్కడ గోడల్లేవు. రేపు మేము కోలారుకు పోము, నేను పంపించను. ఇంగ ఈ బిడ్డను వదిలిపెట్టు. నీ కాళ్లు పట్టుకుంటాను, వదిలిపెట్టు." దిబ్బ మీద దుమ్ము లేస్తానే ఉండాది. దూరంగా మారికుప్పం రైలు కూసింది. రా పోదాం అని పాప చెయ్యి పట్టుకొని లేవబోయినాను.

పాప నన్ను కిందికి లాగింది.

"ఇంకా అదరతానే ఉండాదంటమ్మా. నిన్ను గూడా కదలొద్దంటా ఉండాడు."