ఎర్ర గీతకు ముందు బొమ్మ

కళ్ళజోళ్ళ షాపాయనకు ఉన్న పిచ్చి ఒక్కటే. సెలవు రోజున పాత రీలు కెమెరా మెడలో తగిలించుకుని వీధులు కొలవడం. సాయంత్రం బాత్రూములో ఎర్ర బల్బు వేసుకుని తలుపు బిడాయించుకుంటాడు. ఆ పూట ఇంట్లో ఎవరికి అవసరం వచ్చినా పక్కింటికి పరుగెత్తాల్సిందే.

రీలు కడిగాక ముందుగా కాంటాక్ట్ షీట్ తీస్తాడు. ఫిల్ము ముక్కలన్నీ ఒకే కాగితం మీద వరసగా పరిచి, రీలు మొత్తాన్ని తపాలాబిళ్ళలంత బొమ్మలుగా అచ్చు వేయడమన్నమాట. భూతద్దంతో చూసి, నచ్చిన బొమ్మ చుట్టూ ఎర్ర పెన్సిలుతో గీత గీస్తాడు. దాన్నే పెద్దది చేస్తాడు. షీటును మాత్రం బీరువా అడుగున దాచేస్తాడు. గురి తప్పినవన్నీ అందులోనే ఉంటాయి మరి. తన బొటనవేలు, బస్సు వెనక భాగం, తలలు తెగిన మనుషులు. పరువు ఎవరైనా బజారున పెట్టుకుంటారా?

ఇన్నేళ్ళకు ఆయన తీసిన ఫోటో ఒకటి లైబ్రరీ హాల్లో ప్రదర్శనకెక్కింది. గాలికి తిరగబడిన గొడుగు, దాని కింద బోసినోటితో పగలబడి నవ్వుతున్న ముసలావిడ. చూసినవాళ్ళకు నవ్వు ఆగదు. ఆయన బావమరిది మాత్రం పెదవి విరిచాడు.

"ఏముంది బావా, గుడ్డిగా నొక్కావు, తగిలింది. అంతా అదృష్టం!"

ఆ మాట ఆయన మనసులో గుచ్చుకుంది. నిజమేనేమో, తనకు చేతనైనదేమీ లేదేమో అనిపించింది. అన్నం సయించలేదు.

"రేపు వెళ్ళి ఆ ఫోటో తీసేసుకుంటాను" అన్నాడు భార్యతో.

మర్నాడు ఆవిడ బీరువాలోంచి ఆ రీలు షీటు తీసుకుని ఆయన కంటే ముందే హాలుకు వెళ్ళి, దాన్ని ఫోటో పక్కన అతికించి, భూతద్దాన్ని దారం కట్టి వేలాడదీసింది.

ఆయన వెళ్ళేసరికి గోడ దగ్గర జనం మూగి ఉన్నారు.

"కొంప ముంచావు కదే!" అన్నాడు అక్కడే నిలబడి ఉన్న భార్యతో.

కానీ అక్కడ ఎవరూ తప్పులు వెతకడం లేదు. వరస వెంట వరస చూస్తూ, ఆయనతో పాటు తామూ ఆ వీధి మలుపులో కాపు కాస్తున్నారు. ఖాళీ మలుపు. బస్సు. మళ్ళీ ఖాళీ మలుపు. దూరాన చీమంత ముసలావిడ. దగ్గరికొచ్చింది. గొడుగు ఊగింది. "అదిగో, తిరగబడుతోంది!" అని ఒకామె చప్పట్లు కొట్టింది.

భూతద్దం చేతులు మారి, జనంలోనే ఉన్న బావమరిది చేతికి వచ్చింది. ఎర్ర గీతకు ముందున్న బొమ్మ దగ్గర అతను ఆగిపోయాడు. ముసలావిడ పక్కనుంచే, ఫోనులో తల దూర్చి నడిచిపోతున్నాడొక మనిషి.

"అక్కా, ఇది నేనే!"

"నువ్వేరా. అదృష్టం నీ భుజం రాసుకుంటూ పోయింది, నువ్వు తలెత్తలేదు. మీ బావ దానికోసం పొద్దుటినుంచీ నిలబడ్డాడు."

హాలంతా గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది బావమరిదే.

"ఒప్పుకున్నాను బావా! నా బొమ్మ కూడా పెద్దది చేసివ్వు, ఇంట్లో పెట్టుకుంటాను."

ఆయన జేబులోంచి ఎర్ర పెన్సిలు తీసి, అందరూ చూస్తుండగా, ఆ బొమ్మ చుట్టూ కూడా గీత గీశాడు.