మాటల ఊరడిగిన బాపు

చంద్రపూర్‌లో ఒక కాలేజీలో జువాలజీ చెప్పుకుని బతుకుతున్నాను. మరాఠీలో చదువుకున్నదాన్ని. తెలుగు అక్షరాలు ఇంట్లో బైబిల్ చూసి నేర్చుకున్నవే. మాట పుట్టుక వెతికే పిచ్చి మాత్రం పుస్తకాల వల్ల రాలేదు, మా బాపు అంటించాడు.

బాపు సాస్తి బొగ్గు గనిలో పనిచేసేవాడు. మా కాలనీలో తెలుగువాళ్లెవరు కొత్తగా కనబడ్డా ముందు అడిగేది పేరు కాదు, ఊరు. ఊరు తెలిస్తే చాలు, ఏదో ఒక చుట్టరికం తీసి చాయ్ పోస్తారు. నా పుస్తకాల్లోని మాటలనూ బాపు అట్లాగే పలకరించేవాడు. షిఫ్టు దిగి, స్నానం చేసి, చాయ్ గ్లాసుతో నా పక్కన కూర్చుని, "దీనిది ఏ ఊరు బిడ్డా?" అనేవాడు.

నేను గొప్పగా చెప్పేదాన్ని. హిప్పోపొటమస్‌ది గ్రీకు, నదిగుర్రమని అర్థం అంటే, గుర్రాన్ని జన్మలో చూడనోడెవడో పెట్టి ఉంటాడని నవ్వాడు. మజిల్‌ది లాటిన్, చిట్టెలుక అని అర్థం అంటే, చొక్కా చేయి పైకి లాగి, కండ ఉబ్బించి, చర్మం కింద ఎలుక ఉరుకుతోందో లేదో చూడమన్నాడు. వారం రోజులు కాలనీలో అందరికీ ఆ ఎలుకను చూపించాడు. అమ్మ తల కొట్టుకుంది.

రిటైరయ్యాక దగ్గు పట్టుకుంది. ఎక్స్‌రేలు, స్కానింగులు అయ్యాక డాక్టర్ నన్నొక్కదాన్నే లోపలికి పిలిచి, ఊపిరితిత్తుల్లో చేరిన బొగ్గు దుమ్ము ఇక పోదని, ఇది తగ్గే జబ్బు కాదని చెప్పాడు. బయట బెంచీ మీద బాపు నా చేతిలోంచి కాగితం అందుకున్నాడు. అందులోని పొడుగాటి ఇంగ్లీషు మాట మీద వేలు పెట్టి, ఎప్పట్లాగే ఊరడిగాడు.

నాకు ప్రాణం లేచొచ్చింది. చెప్పవలసినదాన్ని తప్పించుకునే దారి దొరికింది. ఆంత్రాకోసిస్ గ్రీకు మాట, ఆంత్రాక్స్ అంటే బొగ్గు అని మొదలుపెట్టాను. పశువులకొచ్చే దొమ్మ రోగానికీ అదే పేరు, అది మనిషికి అంటుకుంటే పుండు బొగ్గులాగా నల్లబడుతుంది కాబట్టి అని పాఠం చెప్పినట్టు చెప్పుకుపోయాను. ఎదురుగా ఉన్నది స్టూడెంటు కాదన్న సోయి కూడా లేకపోయింది.

బాపు అంతా విన్నాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"మన ఎడ్లు రెండు దొమ్మతోటే పోయినయ్ బిడ్డా. ఒక్కటి గూడ దక్కలె," అన్నాడు.

ఆ ఎడ్లు పోయాకే ఆయన సేద్యం వదిలి గనికొచ్చాడు. రెండూ వేరు జబ్బులు, పేరొక్కటే కలిసిందని చెప్పబోయి మానుకున్నాను. ఏం చెప్పినా తగ్గుతుందన్న మాట అందులో ఉండదు కదా.

తర్వాత బతికిన రెండు చలికాలాలూ బాపు నన్ను ఏ మాట గురించీ అడగలేదు. పుస్తకం పట్టుకుని నేనే పక్కన చేరితే, చదువుకో బిడ్డా అని గోడవైపు తిరిగేవాడు. ఇప్పుడు ఒక్కసారి అడిగితే బాగుండును అనిపిస్తుంది. అడిగితే గ్రీకు చెప్పను. తగ్గదు బాపూ అని చెప్పి, చేయి పట్టుకుని పక్కనే కూర్చుంటాను.