పుణ్యానికి వదిలిన చిలుక

ఈ పరాయి దేశంలో స్థిరపడటానికి పెట్టుకున్న మా రెసిడెన్సీ ఫైలు కదలకపోవడానికి కారణం మా రామచిలుకే అని అత్తయ్య తేల్చేశారు. మౌంట్ ఆల్బర్ట్‌లోని మా ఇంట్లో మూడు నెలలు ఉండి వెళ్దామని వచ్చిన మనిషి, దిగిన మర్నాడే పంజరం చూసి మొహం చిట్లించారు.

“చిలకని బంధించినోళ్ళకి చెర తప్పదంటారమ్మా. వదిలెయ్, నీ చిక్కులూ వీడిపోతాయి.”

నాకు ఇలాంటి పట్టింపులు లేవని అందరికీ చెప్పుకునేదాన్ని. కానీ ఏడాదిన్నరగా కాగితాల కోసం ఎదురుచూస్తున్న మనిషి ఆ మాట అంటే నమ్మకండి. ఒక శనివారం ఉదయం దాన్ని దగ్గర్లోని చిన్న అడవి లాంటి రిజర్వుకు తీసుకెళ్ళాను. ఎంతకీ నా భుజం దిగకపోతే నేనే విదిలించాను. అత్తయ్య చేతులు జోడించారు. చలికి చచ్చిపోతుందేమోనని నేను దారంతా ఏడ్చాను.

మూడు వారాలకు రెసిడెన్సీ వచ్చింది! అత్తయ్య బూరెలు వండి, ఫోన్లో చుట్టాలందరికీ చిలుక మహిమ చెప్పారు. నేనూ కాదనలేదు.

ఆవిడ వెళ్ళిపోయాక, చలి తగ్గిన రోజుల్లో, అదే రిజర్వులో ఒక ముసలి చెట్టు తొర్ర దగ్గర మా చిలుక కనిపించింది. బతికే ఉందని ప్రాణం లేచొచ్చింది. పక్కన ఇంకో రామచిలుక ఉంది. మాలాంటి పుణ్యాత్ములు ఇంకెవరో ఉన్నారన్నమాట. అక్కడ మొక్కలు నాటే ఒక పెద్దావిడ నా పక్కన నిలబడి పైకి చూసింది. ఏటా ఆ తొర్రలో రూరూలు, అంటే ఇక్కడి చిన్న గుడ్లగూబలు, పిల్లల్ని పెట్టేవట. ఈసారి ఈ రెండూ తరిమేశాయట. ఇవి పిల్లల్ని పెడితే ఇక ఏ తొర్రా మిగలదని, సిటీ కౌన్సిల్‌కి ఫోన్ చేశానని చెప్పింది. కోప్పడినా బాగుండేది. అది నాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఇంటికొచ్చి మా ఆయనతో అన్నాను, వెళ్ళి ఒప్పుకుంటానని.

“అది మనదని ఎవడికి తెలుసే? కేసు పెడితే? వచ్చిన అదృష్టాన్ని కాలదన్నుకుంటావా?”

నాకు ఒళ్ళు మండిపోయింది. “మనకి ఉండటానికి చోటిచ్చారండీ. మనం వచ్చి ఆ పిట్టల ఇల్లు లాక్కున్నాం” అన్నాను. ఆయన టీవీ సౌండు పెంచారు. భయం నాకూ ఉంది. ఆ రాత్రి రెసిడెన్సీ ఈమెయిల్ తీసి రెండుసార్లు చదువుకున్నాను.

కౌన్సిల్ మనిషి బోను పెట్టి రెండు రోజులు కాపలా కాశాడు. చిలుకలు దాని వంక చూడలేదు. మూడో రోజు నేను పంజరం పట్టుకుని వెళ్ళి, అతని పక్కనే చెట్టు కింద నిలబడి, ఇంట్లో పిలిచినట్టే “రావే తల్లీ” అన్నాను. విదిలించిన చెయ్యని కూడా చూడకుండా వచ్చి భుజం మీద వాలింది. సిగ్గుతో చచ్చిపోయాను. అది ఎదురుతిరగకుండానే పంజరంలోకి వెళ్ళింది.

“కిటికీ తీసి ఉంచారా? ఎగిరిపోయిందా?” అని అతను మర్యాదగా అడిగాడు. అబద్ధం నా చేతికే అందించాడు, అవునంటే చాలు.

“లేదండీ, నేనే వదిలాను.”

అతను ఒక్క క్షణం నన్ను చూసి, తల పైకెత్తాడు. రెండో చిలుక తొర్ర అంచున కూర్చుని అరుస్తోంది.

“మరి దాన్ని పిలిచేదెవరు?” అన్నాడు.