ఆపిన బంతి

నా చిన్నప్పుడు ఆదివారమంటే మా బాపుకు రెండే పనులు. పొద్దున చర్చిలో సంఘంతో కలిసి పాటలు పాడటం, సాయంత్రం గోదావరిఖనిలో మా క్వార్టర్ల వెనక గ్రౌండులో ఫుట్‌బాల్ ఆడటం. పాట మధ్యలో దగ్గు తెర వచ్చేది. అది బొగ్గు దుమ్ము దగ్గని, ఇక బాయిలోకి, అంటే బొగ్గుగనిలోకి, దిగొద్దని దవాఖానలో చెప్పారు. దిగకపోతే ఇల్లు గడవదు.

ఆ ఏడాది బాయిల మధ్య ఫుట్‌బాల్ పోటీ పెట్టారు. కప్పు గెలిస్తే ఆడినవాళ్లకు పైన, వెలుతురులో డ్యూటీ ఇప్పిస్తానని మా బాయి పెద్దసారు మాటిచ్చాడు. ఆ వారమంతా అమ్మ ఉపవాసముండి ప్రార్థించింది.

చివరి ఆట సమంగా నడుస్తోంది. ముగియడానికి ఇంకొంచెమే ఉందనగా పక్క నుంచి బంతి దొర్లుకుంటూ బాపు కాలి ముందుకే వచ్చింది. గోలు కాచేవాడు అవతలి మూలన ఉన్నాడు. వచ్చినదాన్ని వచ్చినట్టే తంతే చాలు. బాపు అరికాలు వేసి బంతిని ఆపాడు. చూసుకొని కాలు ఎత్తేలోపు ఎదుటివాడు దాన్ని తన్నుకుపోయాడు. ఆ బంతే మా గోలులో పడింది.

"ఏంది బావా, బంతిని ఆపి బాగోగులు అడిగినవా?" అన్నాడు పక్క క్వార్టరు మామ. అందరూ నవ్వారు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. బాపు దగ్గరికి రాగానే అనేశాను.

"నీ వల్లనే ఓడినం. ఇగ ఆ బాయిలనే సావు."

ఇంటిదారిలో బాపు నన్ను తిట్టకుండానే తన పని గురించి చెప్పాడు. పట్టాల మీద నడిచే బొగ్గు టబ్బులను ఒకదానికొకటి తగిలించడం ఆయన పని. టబ్బు ఆగి, చక్రానికి చెక్క అడ్డం పడ్డాకే చెయ్యి వేయాలి. తొందరపడి నడిచే టబ్బును పట్టుకున్న తోటివాడి చేతిని ఆయనే గుడ్డలో చుట్టి పైకి తెచ్చాడట.

"పన్నెండేండ్లాయె బిడ్డా. నడిచేదాన్ని ఆపకుంట ముట్టద్దని పెయ్యికి, కాలుసేతులకు నేర్పిన. ఇది బాయి గాదని కాలుకు చెప్పేటందుకు టైము దొరకలే."

మర్నాడు సైరన్ మోగగానే మళ్లీ దిగాడు. ఇంకో ఆరేళ్లు దిగాడు. చివరికి పాట పోయి దగ్గే మిగిలింది. ఆయన్ను మట్టిలో పెట్టిన రోజు సంఘమంతా పాడింది.

ఆ మాటకు క్షమించమని నేను బాపును ఎన్నడూ అడగలేదు. ఆయన మళ్లీ ఎత్తకపోతే మరిచిపోయాడనుకున్నాను. దేవుడు క్షమించాడు, అందులో నాకు సందేహం లేదు. అయినా చర్చిలో రొట్టె, ద్రాక్షారసం అందుకునే ప్రభువు బల్ల దగ్గరికి వెళ్లేముందు నన్ను నేను పరీక్షించుకుంటూ కళ్లు మూసుకుంటే, ముందుగా కనిపించేది ఆ గ్రౌండే.

ఇప్పుడు ఎవరి మీదైనా మాట నోటిదాకా వస్తే, దాని మీద అరికాలు వేసి తొక్కిపడతాను. చాలాసార్లు ఆగుతుంది. ఆగిన ప్రతిసారీ, ఆనాడు ఆపడమూ ఇంత తేలికేనా అని గుండె మండుతుంది.