నాందేడు చంద్రుడు, మారిషస్ ఉపవాసం

నిన్న లైబ్రరీలో తిరగేసిన ఒక పత్రిక మారిషస్ దేశాన్ని నాలుగు ముక్కల్లో తేల్చేసింది. మన గడియారం కంటే గంటన్నర వెనక. ఒకప్పుడంతా చెరకు, ఇప్పుడు బట్టల మిల్లులూ హోటళ్లూ కూడా. రకరకాల మతాల పండుగలకు సెలవులు. ఇంట్లో క్రియోల్ మాట. తప్పేమీ లేదు. అందులో మా అక్క మాత్రం లేదు.

బావ నాందేడులో నేర్చిన నూలు పనితో అక్కడి మిల్లుకు వెళ్తే, అక్కా వెంట వెళ్లింది. వీధిలో తెలుగువాళ్లున్నారని మొదట సంబరపడింది. చెరకు తోటల కోసం ఓడెక్కినవాళ్ల మునిమనవలు వాళ్లు. భజనలో తెలుగు పాట కమ్మగా పాడి, దాని అర్థమేమిటని అక్కనే అడిగేవారట. అక్క తనతో సంకష్టి చతుర్థిని పట్టుకెళ్లింది. మరాఠీ ఇరుగుపొరుగు నుంచి నాందేడులో స్థిరపడిన మా తెలుగు దుకాణదారుల ఇళ్లలోకి వచ్చిన అలవాటది: నెలకోసారి పగలంతా ఉపవాసం, రాత్రి చంద్రుణ్ని చూశాకే అన్నం. చిక్కల్లా, అక్క ఒప్పుకునేది నాందేడు చంద్రుణ్నే. అక్కడ ఆకాశంలో ఏముందో చూడకుండా నాకు ఫోన్ చేసేది.

"తమ్మీ, అచ్చిండా?"

"ఈడ అచ్చిండు. నీ ఊర్లె రానీకి ఇంక గంట దాటుతది, ఆగు."

"గా చంద్రుడు నాకేం తెల్సు? నువ్వు కండ్లతోని జూసినవా, క్యాలెండర్ల జూసి చెప్తున్నవా?"

"కండ్లతోనే జూసిన."

"దేవుడు లేడంటవు, చంద్రునికేమో కావలి గాస్తవు! ఇగ తింటనైతే."

నిజమే. సభల్లో పంచాంగాన్ని చీల్చి చెండాడినవాణ్ని, వానాకాలంలో మేడ మీద గొడుగు పట్టుకుని మబ్బు విడిచేదాకా నిలబడేవాణ్ని. అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. తర్వాత ఇంట్లో నేనొక్కణ్నే మిగిలాక, నెలంతా ఎదురుచూసే ఫోన్ అదొక్కటే అయింది. అయినా వాదన మానలేదు. భూమి గుండ్రంగా ఉందనీ, ఒక్కో ఊరికి ఒక్కో వేళకు చంద్రుడు వస్తాడనీ ప్రతి నెలా చెప్పాను.

మొన్న వేసవిలో అక్క మరునాడు పొద్దున ఫోన్ చేసింది. "నువ్వు చెప్పిందే నిజంరా తమ్మీ. రాత్రి ఈడి చంద్రుణ్నే జూసి తిన్న. సముద్రం మీదికెల్లి ఎంత మంచిగ అచ్చిండో! ఇగ నీకు తక్లీఫ్ లేదు."

"మంచిదక్కా," అన్నాను. ఆమెను ఒప్పించానన్న సంతోషం ఆ సాయంత్రం దాకా ఉంది.

ఆ తర్వాత చతుర్థికి ఫోన్ రాలేదు. ఆ పై నెలా రాలేదు. నేనే చేయవచ్చు, కానీ ఏమని చేయను? ఉపవాసం లేనివాణ్ని, చంద్రుడు వచ్చాడని చెప్పడానికి నాకిప్పుడు పనేముంది? ఈ రాత్రి కూడా మేడ ఎక్కాను. చక్కగా కనబడ్డాడు. మంచి ఘడియ, చెడు ఘడియ అనేవి లేవని జీవితమంతా వాదించాను. ఖాళీ ఘడియ ఒకటుంటుందని మాత్రం ఏ సభలోనూ ఎవరూ లేచి చెప్పలేదు.